పన్ను ఎత్తేస్తే బరువు ఎవరి నెత్తిన?

అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో, సెయింట్ లూయిస్ నగరానికి దగ్గరలో ఫెర్గూసన్ అనే చిన్న పట్టణం ఉంది. 2007లో అక్కడ ఒక నల్లజాతి స్త్రీ నిలపకూడని చోట కారు నిలిపింది. పోలీసులు రెండు చీటీలు రాసిచ్చారు. జరిమానా 151 డాలర్లు, పైన ఖర్చులు. ఆమె దగ్గర డబ్బు లేదు. కొంతకాలం ఉండటానికి ఇల్లు కూడా లేదు. వాయిదాకు రాలేదని ఒకసారి, డబ్బు కట్టలేదని ఇంకోసారి, ఏడు సార్లు కొత్త కేసులు పెట్టారు. ప్రతి కేసుకూ కొత్త వారంటు, కొత్త జరిమానా. ఒకసారి 25 డాలర్లు, మరోసారి 50 డాలర్లు పట్టుకెళితే మొత్తం కడితే తప్ప తీసుకోమని కోర్టు తిప్పి పంపింది. ఏడేళ్లలో ఆమెను రెండుసార్లు అరెస్టు చేశారు. ఆరు రోజులు జైల్లో ఉంది. 550 డాలర్లు కట్టింది. 2014 డిసెంబరు నాటికి ఆమె ఇంకా 541 డాలర్లు బాకీ!

ఇది కథ కాదు. 2014 ఆగస్టులో అదే ఊళ్లో మైకేల్ బ్రౌన్ అనే 18 ఏళ్ల నల్లజాతి యువకుణ్ణి పోలీసు అధికారి కాల్చి చంపాడు. ఊరు భగ్గుమంది. ఆ తరువాత అమెరికా న్యాయశాఖ విచారణ జరిపి 2015 మార్చిలో ఇచ్చిన నివేదికలో ఉన్న ఉదంతమిది. ఆ నివేదికలోనే ఇంకో అంకె ఉంది. ఫెర్గూసన్ పురపాలక సంఘం 2015 బడ్జెట్‌లో సాధారణ నిధికి రావలసిన 132 లక్షల 60 వేల డాలర్లలో 30 లక్షల 90 వేలు కోర్టు జరిమానాల నుంచి, రుసుముల నుంచి వస్తాయని ముందే రాసుకున్నారు. అంటే నాలుగోవంతుకు దగ్గర. ప్రజలు ఫలానా ఏడాది ఇన్ని తప్పులు చేస్తారని ముందే లెక్క కట్టి, ఆ తప్పులను పట్టుకొచ్చే పనిని పోలీసులకు అప్పగించారన్న మాట. ఊళ్లో నల్లవాళ్లు 67 శాతం; అరెస్టయినవాళ్లలో 93 శాతం. జాతి వివక్ష లేకపోతే ఈ జరిమానాలు ఇలా ఒకవైపే పడేవి కావు, అది నిజం. అయితే వివక్ష ఉన్న ప్రతి ఊరూ దాన్ని ఆదాయ మార్గంగా మార్చుకోదు. ఫెర్గూసన్ ఎందుకు మార్చుకుంది? ఊరిని నడపటానికి డబ్బు ఎక్కడినుంచి రావాలి, ఎవరి దగ్గరనుంచి రావాలి అన్న ప్రశ్నకు ఆ రాష్ట్ర పాలకులు ఇచ్చిన జవాబులోనే దీని మూలం ఉంది.

మిస్సోరీలో సంపాదన మీద పన్ను వేసుకునే అధికారం రెండే రెండు నగరాలకు ఉంది: సెయింట్ లూయిస్, కాన్సస్ సిటీ. అక్కడ దాన్ని ఎర్నింగ్స్ టాక్స్ అంటారు. మనం సంపాదన పన్ను అనుకుందాం. నగరంలో నివసించేవాళ్ల జీతం మీద, బయట కాపురముండి నగరంలోకి వచ్చి పనిచేసేవాళ్ల జీతం మీద, నగరంలో జరిగే వ్యాపారాల లాభం మీద నూటికి ఒకటి చొప్పున వసూలు చేస్తారు. కాన్సస్ సిటీ సాధారణ నిధిలో సుమారు 40 శాతం, సెయింట్ లూయిస్‌లో సుమారు మూడోవంతు ఈ ఒక్క పన్ను నుంచే వస్తుంది. మంటలార్పే సిబ్బంది, అంబులెన్సులు, చెత్త ఎత్తివేత, రోడ్లు, పోలీసులు, పార్కులు అన్నీ ఈ నిధి మీదే బతుకుతాయి.

ఈ పన్నును ఎత్తేయాలని అక్కడి డబ్బున్నవాళ్లు చాలాకాలంగా పోరుతున్నారు. నగర ప్రభుత్వాలేమో ఉంచాలంటున్నాయి. ఈ వాదులాటలో నగర ప్రభుత్వాల పక్షం న్యాయమైనదనీ, స్త్రీల సంఘాలు దానికి మద్దతు ఇవ్వాలనీ నా అభిప్రాయం. మనకెందుకమ్మా అమెరికా మునిసిపాలిటీల గొడవ అని చాలామంది అడుగుతారు. కొంచెం ఓపిక పట్టండి, మన ఊరి మునిసిపాలిటీకి కూడా వస్తాను.

ముందు ఈ పన్ను ఎందుకు పుట్టిందో చూడాలి. సెయింట్ లూయిస్ నగరం 1876లోనే తన చుట్టూ ఉన్న కౌంటీ నుంచి విడిపోయింది. ఆనాడు నగరం కలిగినది, చుట్టూ ఉన్నవి పల్లెలు. పల్లెల ఖర్చు మనకెందుకని గీత గీసుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత ఆ గీత మెడకు చుట్టుకుంది. తెల్లజాతి మధ్యతరగతి కుటుంబాలు నగరం వదిలి గీత అవతల శివార్లలో తోటలున్న ఇళ్లు కట్టుకున్నాయి. 1950లో 8 లక్షల 50 వేలు దాటి ఉన్న నగర జనాభా 2020 నాటికి 3 లక్షలకు పడిపోయింది. ఇళ్లతోపాటు ఇంటిపన్ను కూడా శివార్లకు తరలిపోయింది. ఆఫీసులు, ఆసుపత్రులు, విశ్వవిద్యాలయాలు మాత్రం నగరంలోనే ఉన్నాయి. పొద్దున్నే వచ్చి నగరం రోడ్ల మీద నడిచి, నగరం నీళ్లు తాగి, గుండె నొప్పి వస్తే నగరం అంబులెన్సు ఎక్కి, సాయంత్రం తన ఇంటిపన్ను తన శివారుకే కట్టుకునే పెద్దమనిషి దగ్గర నగరం తన వాటా ఎలా తీసుకోవాలి? జీతం దగ్గర తప్ప వేరే దారి లేదు. కాన్సస్ సిటీలో అయితే ఆ పెద్దమనుషుల్లో చాలామంది ఏకంగా పక్క రాష్ట్రంలో ఉంటారు.

ఇందులో అన్యాయం ఏముంది? ఉన్నదని 2010లో మిస్సోరీ రాష్ట్రం మొత్తానికి చెప్పించారు. రెక్స్ సింక్‌ఫీల్డ్ అనే షేర్ల పెట్టుబడిదారు కోటి 10 లక్షల డాలర్లకు పైగా ఖర్చుపెట్టి 'ప్రపొజిషన్ ఏ' అనే ప్రతిపాదనను బ్యాలెట్ మీదికి తెచ్చాడు. ఇకమీద ఏ కొత్త నగరమూ ఈ పన్ను వేయకూడదు. ఉన్న రెండు నగరాలూ ఐదేళ్లకొకసారి ప్రజల ఓటు అడగాలి. ఒక్కసారి ఓడిపోయినా పదేళ్లలో అంచెలంచెలుగా పన్ను రద్దయిపోతుంది. ఇదీ ప్రతిపాదన. ఆ ఏడాది నవంబరులో రాష్ట్రమంతా ఓటేసింది. సుమారు 68 శాతం ఔనన్నారు. ఔనన్నవాళ్లలో ఎక్కువమంది ఆ రెండు నగరాల్లో నివసించేవాళ్లు కారు. ఒకరి ఇంటి పొయ్యి మీద కుండ ఉంచాలా దించాలా అన్నది వీధిలోవాళ్లంతా చేతులెత్తి తేల్చినట్టయింది.

తరువాత జరిగింది ఆ పెట్టుబడిదారు ఊహించి ఉండడు. 2011 ఏప్రిల్‌లో నగరాల ప్రజలు ఓటు వేశారు. సెయింట్ లూయిస్‌లో 88 శాతం, కాన్సస్ సిటీలో 78 శాతం పన్ను ఉంచమన్నారు! 2016లో మళ్లీ అడిగారు. 72, 77 శాతం ఉంచమన్నారు. 2021లో మళ్లీ అడిగితే 79, 76. మేయర్లు ప్రచారం చేశారు. అగ్నిమాపక సిబ్బంది సంఘాలు చేశాయి. కాన్సస్ సిటీ వ్యాపార మండలి కూడా చేసింది. వ్యాపారులకు నగరం మీద ప్రేమ కాదులెండి, ఈ పన్ను పోతే వచ్చే పన్ను తమ భవనాల మీద పడుతుందేమోనన్న భయం. 2021 ఏప్రిల్ 6న సెయింట్ లూయిస్ ఓటర్లు పన్నును నిలబెట్టిన బ్యాలెట్‌లోనే టిషారా జోన్స్‌ను మేయరుగా ఎన్నుకున్నారు. ఆ పదవిలో కూర్చున్న మొదటి నల్లజాతి స్త్రీ ఆమె. అంతకుముందు 2017లో గెలిచిన లైడా క్రూసన్ ఆ నగరానికి మొదటి మహిళా మేయరు. 2025లో జోన్స్‌ను ఓడించి గెలిచింది కూడా స్త్రీయే, కారా స్పెన్సర్. వరుసగా ముగ్గురు ఆడవాళ్లు. నగరం చిక్కిపోయి, ఖజానా అంచున నిలబడి, రాష్ట్ర రాజధాని నుంచి ఎప్పుడు ఏ కత్తెర వచ్చి పడుతుందో తెలియని కాలంలో ఆ కుర్చీ స్త్రీలకు దక్కింది. మన దగ్గర సర్పంచులుగా, కౌన్సిలర్లుగా గెలిచిన అక్కచెల్లెళ్లకు ఈ సంగతి కొత్తగా అనిపించదు.

మన పక్షంవాళ్లే లేవదీసే అభ్యంతరం ఒకటి ఉంది. దాన్ని దాటవేయకూడదు. ఈ పన్ను అందరికీ నూటికి ఒకటే. ఆసుపత్రిలో నేల తుడిచే ఆవిడ మొదటి డాలరు నుంచీ కట్టాలి. అదే ఆసుపత్రి పాలకమండలిలో కూర్చుని, షేర్ల మీద, వడ్డీల మీద బతికే ఆయన ఆ ఆదాయం మీద ఒక్క సెంటూ కట్టక్కర్లేదు. ఎందుకంటే ఇది కష్టార్జితం మీద పన్ను. పెట్టుబడి రాబడి దీని కింద రాదు. కష్టపడేవాళ్ల మీద పన్ను వేసి ఆస్తిపరులను వదిలేసే దాన్ని స్త్రీల పత్రిక ఎలా సమర్థిస్తుంది?

ఈ ప్రశ్న అడిగేవాళ్లు దీన్ని తీసేసి ఏం పెడతారో కూడా చెప్పాలి. సింక్‌ఫీల్డ్ వంటివారి దగ్గర జవాబు సిద్ధంగా ఉంది: అమ్మకపు పన్ను పెంచండి, ఇచ్చే సేవలకు చార్జీలు పెంచండి. మిస్సోరీలో బియ్యం, పాలు, కూరగాయల వంటి తిండి సరుకుల మీద కూడా అమ్మకపు పన్ను ఉంది. రాష్ట్రం తన వాటాను 1.225 శాతానికి తగ్గించింది కానీ నగరాలు, కౌంటీలు వేసే పన్ను దాని మీద ఎక్కి కూర్చుంటుంది. నేల తుడిచే ఆవిడ జీతంలో ఎంతభాగం తిండికి, బట్టకు, పిల్లల చెప్పులకు పోతుంది? దాదాపు అంతా. పాలకమండలి ఆయన రాబడిలో? చెప్పక్కర్లేదు. పైగా శివారులో ఉండే ఆయన కిరాణా శివారులోనే కొంటాడు. నగరానికి అదీ రాదు. నూటికి ఒకటి ఆవిడకు బరువే. దాని స్థానంలో వచ్చేది ఇంకా బరువు. ఆ రెంటికీ చాలనప్పుడు వచ్చేది ఫెర్గూసన్ చీటీల పుస్తకం. పేద ఆడమనిషికి మొదటి డాలర్ల మీద మినహాయింపు ఇవ్వమని అడుగుదాం. వడ్డీలను, షేర్ల లాభాలను కూడా ఇందులోకి తెమ్మని అడుగుదాం. ఆ అడిగే హక్కు పన్ను బతికి ఉన్నంతవరకే.

రాష్ట్ర శాసనసభ ఏ దారిన పోతున్నదో తెలియాలంటే 2025లో మిస్సోరీ చేసిన ఒక చట్టం చూడండి. స్త్రీల నెలసరి ప్యాడ్ల మీద, పిల్లల డైపర్ల మీద అమ్మకపు పన్ను ఎత్తేశారు. అక్కడి స్త్రీల సంఘాలు ఏళ్ల తరబడి అడిగిన కోరిక. బాగుంది. అదే చట్టంలో, అదే సంతకంతో, వ్యక్తులు షేర్లు, ఆస్తులు అమ్మి సంపాదించే లాభం మీద రాష్ట్ర ఆదాయపు పన్ను కూడా పూర్తిగా ఎత్తేశారు. ఆదాయపు పన్ను ఉంచుకుని మూలధన లాభాలను ఇలా వదిలేసిన మొదటి రాష్ట్రం తామేనని గర్వంగా చెప్పుకున్నారు. ఆడవాళ్లకు ప్యాడ్ల పొట్లం, వాటాదారులకు ఖజానా తాళంచెవి. మన దేశంలో 2018లో ప్యాడ్ల మీద జీఎస్టీ తీయించటానికి మనమూ పోరాడాం, గెలిచాం. ఆ గెలుపును తక్కువ చేయటం లేదు. మన డిమాండును ముందు నిలబెట్టి దాని చాటున ఏం దాటిస్తున్నారో చూడటం కూడా మన పనే అంటున్నాను.

సంపాదన పన్నుకు కొత్త చిల్లు ఒకటి పడింది. కరోనా కాలంలో ఇంట్లో కూర్చుని పనిచేసినవాళ్లలో నగరం బయట ఉండేవాళ్లు, ఆ రోజులకు పన్ను తిరిగి ఇమ్మని సెయింట్ లూయిస్ మీద కోర్టుకెక్కారు. 2023లో కోర్టు వాళ్ల పక్షాన తీర్పు చెప్పింది. 2024లో అప్పీలు కోర్టు దాన్ని సమర్థించింది. చట్టం మాట ఎలా ఉన్నా ఫలితం చూడండి. కంప్యూటరు ముందు కూర్చుని జీతం తెచ్చుకునే వీలున్నవాడు పన్ను నుంచి బయటపడతాడు. నర్సు, వంటమనిషి, బస్సు డ్రైవరు, ముసలివాళ్లకు స్నానం చేయించే ఆయా తమ పనిని ఇంటికి ఎత్తుకెళ్లలేరు. వాళ్లు కడుతూనే ఉంటారు.

పన్నును సమర్థించడం అంటే నగర పాలకులు ఆ డబ్బుతో చేసేదంతా సమర్థించడం కాదు. కాన్సస్ సిటీ పోలీసు శాఖ మీద అజమాయిషీ నగరానిది కాదు, రాష్ట్ర గవర్నరు నియమించే మండలిది. నగరం తన సాధారణ రాబడిలో కనీసం నాలుగోవంతు పోలీసులకు ఇచ్చి తీరాలని రాష్ట్రం శాసించింది. దాని మీద 2022లో జరిగిన ఓటును సుప్రీంకోర్టు కొట్టేస్తే 2024లో మళ్లీ ఓటు పెట్టి గెలిపించుకున్నారు. సెయింట్ లూయిస్‌కు 2013లో దక్కిన పోలీసు అజమాయిషీని 2025లో రాష్ట్రం తిరిగి లాగేసుకుంది. పన్ను నగరంలో పనిచేసేవాళ్లది, లాఠీ రాష్ట్రానిది. దెబ్బలు తిన్న ఆడవాళ్లకు ఆశ్రయం, ప్రసూతి ఆసుపత్రి, చీకటి పడ్డాక నడిచే బస్సు, ఇవి అడిగినప్పుడు మాత్రం డబ్బు లేదంటారు. పన్ను ఉండాలి, దాని మీద మాట నగర ప్రజలది కావాలి అని రెండూ కలిపి అడగకపోతే మొదటిది అడిగి లాభం లేదు.

పైనున్న ప్రభుత్వం కిందున్న నగరం జేబు కత్తిరించడం మిస్సోరీతో మొదలు కాలేదు. న్యూయార్క్ నగరంలోకి బయటినుంచి వచ్చి పనిచేసేవాళ్ల మీద ఉన్న పన్నును 1999లో ఆ రాష్ట్ర శాసనసభ రద్దు చేసింది. నగరం వద్దు మొర్రో అన్నా వినలేదు.

ఇక మన సంగతి. మనకు కూడా సంపాదన పన్ను ఉంది. జీతం చీటీలో నెలకు 200 రూపాయలు కోత పడుతుందే, 'పి.టి.' అని రాసి ఉంటుందే, అదే. వృత్తి పన్ను. రాజ్యాంగం 276వ అధికరణం దీన్ని రాష్ట్రం కోసమో, మునిసిపాలిటీలు, ఇతర స్థానిక సంస్థల కోసమో వేయవచ్చని చెబుతుంది. మన దగ్గర ఒకప్పుడు దీన్ని స్థానిక సంస్థలే వేసేవి, అవే వసూలు చేసేవి. 1987లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ చట్టం చేసి ఆ అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వానికి, వసూళ్లను వాణిజ్య పన్నుల శాఖకు బదలాయించింది. తెలంగాణ వచ్చాక అక్కడా అదే చట్టం కొనసాగింది. పక్కనున్న తమిళనాడులో, కేరళలో ఈనాటికీ మునిసిపాలిటీలు, పంచాయతీలే ఆరు నెలలకొకసారి వసూలు చేసుకుంటాయి. మిస్సోరీలో కనీసం ఓటు పెట్టి అడిగారు, అదీ ఐదేళ్లకొకసారి. మన మునిసిపాలిటీల చేతిలో ఉన్న పన్నును తీసుకున్నప్పుడు ఓటు లేదు, ఊరేగింపు లేదు, పత్రికలో ఒక సంపాదకీయం కూడా గుర్తుండేంతగా లేదు. పన్నులు మగవాళ్ల వ్యవహారమనుకుని మనమూ పట్టించుకోలేదు.

ఆ పన్ను ఎలా ఉందో చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ నెల జీతం 15,000 వరకు లేదు. 15,000 దాటి 20,000 వరకు 150 రూపాయలు. 20,000 దాటితే 200. అక్కడితో ఆఖరు. 16,000 జీతగత్తె దగ్గర తీసుకునే 150 ఆమె జీతంలో నూటికి 94 పైసలు. నెలకు రెండు లక్షలు తెచ్చుకునే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి దగ్గర తీసుకునే 200 అతని జీతంలో నూటికి 10 పైసలు. మిస్సోరీలో నూటికి రూపాయి అందరికీ సమానమని విసుక్కున్నాం. ఇక్కడ పేదరాలు కట్టేది ఆ రూపాయికి దగ్గరగా ఉంది, కలవాడు కట్టేది అందులో పదోవంతు. రోడ్డు ఊడ్చే కార్మికురాలి జీతం 15,000 దాటితే ఆమె దగ్గరా కోస్తారు. ఆమె ఊడ్చే రోడ్డు మీద కారులో పోయేవాడికి ఆమెకన్నా 50 రూపాయలు మాత్రమే ఎక్కువ.

ఇంత చిత్రంగా ఎందుకుంది? ఏడాదికి 2,500 రూపాయలకు మించి ఈ పన్ను వేయకూడదని రాజ్యాంగంలోనే రాసి ఉంది. 1988లో 60వ సవరణతో 250 నుంచి 2,500కు పెంచారు. అంతే. అప్పటినుంచి బియ్యం ధర మారింది, బస్సు చార్జీ మారింది, గ్యాసు బండ ధర ఎన్నిసార్లు మారిందో లెక్కలేదు. ఈ 2,500 మాత్రం శిలాశాసనం. 12,000కు పెంచమని పద్నాలుగో ఆర్థిక సంఘం సిఫార్సు చేసింది. పెంచమని పదిహేనవ సంఘమూ చెప్పింది. ఎవరూ కదల్లేదు. మధ్యతరగతి జీతగాళ్లకు కోపం వస్తుందని భయం. ఆడవాళ్లకు కోపం వస్తుందన్న భయం ఏనాడూ లేదు.

ఆ లోటు ఎక్కడ పూడుస్తున్నారో మనకు తెలుసు. 2021లో ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో చెత్త పన్ను తెచ్చారు. జీతాన్ని బట్టి కాదు, ఇంటికింత అని. ఇంటింటికీ తిరిగి అడిగే పని కింది సిబ్బందిది. తలుపు తీసి తిట్టేది, తిట్లు పడేది ఎక్కువగా ఆడవాళ్లే. 2024లో దాన్ని ఎత్తేశారు. మంచిదే. అయితే దాని బదులు చెత్త ఎత్తే ఖర్చు ఎవరి సంపాదన నుంచి వస్తుందో ఎత్తేసినవాళ్లూ చెప్పలేదు, వేసినవాళ్లూ అడగలేదు. 2015 జూలైలో హైదరాబాద్ పారిశుధ్య కార్మికులు సమ్మె చేసినప్పుడు, 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ మునిసిపల్ కార్మికులు సమ్మెకు దిగినప్పుడు, రోడ్డు మీద కూర్చున్నవాళ్లలో ఎందరు స్త్రీలో చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. కాంట్రాక్టు తీసేయమంటే, జీతం పెంచమంటే పాలకులకు ముందుగా గుర్తొచ్చేది ఖజానా.

ఖజానా ఖాళీ అన్న మాట మనకు కొత్త కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి సారా వ్యతిరేక ఉద్యమం రేగినప్పుడు మనకు చెప్పింది ఇదే. సారా పోతే ప్రభుత్వం ఎలా నడుస్తుందమ్మా అన్నారు. మా మొగుళ్ల కూలి డబ్బుతో నడిచే ప్రభుత్వం మాకెందుకన్నారు ఆ ఆడవాళ్లు. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం సాధించారు. 1997లో నిషేధం ఎత్తేసినప్పుడు చెప్పిన సాకూ ఖజానాయే. ఆ ఉద్యమంలో మనం ఒక సగం మాట బలంగా చెప్పాం: పేదవాడి తాగుడు మీద రాజ్యం బతకకూడదు. మిగతా సగం, ఎవరి సంపాదన మీద బతకాలో, గట్టిగా చెప్పలేదు. చెప్పి ఉంటే 1997లో మన నోరు మూయించటం అంత తేలికయ్యేది కాదేమో.

స్థానిక సంస్థల్లో స్త్రీలకు మూడోవంతు స్థానాలు తెచ్చిన 74వ సవరణ 1993 జూన్‌లో అమల్లోకి వచ్చింది. ఇప్పుడు మన రెండు రాష్ట్రాల్లో అది సగమైంది. కుర్చీలు వచ్చాయి. కానీ కుర్చీలో కూర్చున్న కౌన్సిలరమ్మ తన వార్డులో వీధి దీపం కావాలన్నా, మరుగుదొడ్డి కావాలన్నా పైనుంచి వచ్చే గ్రాంటు కోసం ఎదురు చూడాలి. ఆమె పట్టణంలో పనిచేసేవాళ్ల జీతాల నుంచి కోసిన వృత్తి పన్ను ముందు రాష్ట్ర ఖజానాకు పోతుంది. అక్కడినుంచి ఎంత తిరిగి వస్తుందో, ఎప్పుడు వస్తుందో ఆమె చేతిలో లేదు. సెయింట్ లూయిస్ మేయరమ్మ కనీసం తన ప్రజల ముందు నిలబడి ఈ పన్ను ఉంచండని అడగగలిగింది. మన కౌన్సిలరమ్మకు అడగటానికి పన్నే లేదు.

మునిసిపాలిటీల బడ్జెట్ సమావేశాలు సాధారణంగా ఏడాది చివరి నెలల్లో, మార్చి లోపు పెడతారు. అంతకుముందే ప్రతి పట్టణంలోనూ మన సంఘాలు సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల దరఖాస్తులు రెండు పెట్టాలి. ఒకటి వాణిజ్య పన్నుల శాఖకు: గత ఐదేళ్లలో మా పట్టణం నుంచి వృత్తి పన్ను ఏ ఏడాదికి ఎంత వసూలైంది? రెండోది మునిసిపల్ కమిషనరుకు: అందులో మీకు ఎంత వచ్చింది, ఏ తేదీన వచ్చింది, దేనికి ఖర్చు చేశారు? రెండు జవాబులూ చేతికి వచ్చాక వాటిని మీ వార్డు కౌన్సిలరు చేతిలో పెట్టండి. ఆమె స్త్రీ అయితే, ఏ పార్టీ అయినా సరే, సమావేశానికి ఆమెతో కలిసి నడిచి వెళ్లండి.